కంబోడియా గుడుల స్టడీ టూర్: 6 రోజుల్లో ఏం చూడాలి, ఎలా చదవాలి?

మీ ప్రశ్న: డిగ్రీ చరిత్ర విద్యార్థులు 15 మంది, అంగ్కోర్ గుడుల పక్కనున్న సియెమ్ రీప్ ఊళ్ళో 6 రోజులు, ఆ గుడుల్లో హిందూ వారసత్వం మీద అధ్యయనం. పాస్ ఏది తీసుకోవాలి, ఏ వరుసలో తిరగాలి?

అంగ్కోర్ గుడులు చూడటానికి 3 రోజుల పాస్ చాలు. ధర 62 డాలర్లు, 10 రోజుల్లో ఏవైనా 3 రోజులు వాడుకోవచ్చు. 7 రోజులది 72 డాలర్లే కదా అనిపిస్తుంది కానీ, రోజూ గుడులే అయితే మూడో రోజుకి పిల్లలకి అన్ని గోపురాలూ ఒకేలా కనబడతాయి. గుడి రోజుకీ గుడి రోజుకీ మధ్య ఒక రోజు మ్యూజియానికి, నోట్సుకి వదలండి. పాస్ మీద ఎవరి ఫోటో వాళ్ళకి ఉంటుంది, ప్రతి గుడి దగ్గరా చూస్తారు. కాబట్టి అందరి పాస్‌లూ ఒకరి సంచీలో పెట్టొద్దు. చిరిగిన, మరకలున్న డాలర్ నోట్లు తీసుకోరు. విమానంలో వెళ్ళేవాళ్ళు ఈ-అరైవల్ ఫారం (దేశంలోకి రావడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే వివరాలు) ప్రయాణానికి ముందు 7 రోజుల్లోపు నింపాలి.

వరుస విషయంలో నా మాట: కాలక్రమంలో వెళ్ళండి. చాలామంది మొదటి రోజే అంగ్కోర్ వాట్ సూర్యోదయానికి పరుగెత్తుతారు. ఆ తర్వాత పాత గుడులు చిన్నవిగా అనిపించి ఎవరూ శ్రద్ధగా చూడరు. ముందు రోలుఓస్ అనే చోట ప్రీ కో, బకోంగ్ గుడులు (బకోంగ్ క్రీ.శ. 881). అదే రోజు ప్రీ రూప్ (961). రెండో గుడి రోజు పొద్దున్నే బంటే స్రే (967). అక్కడ గులాబీ రంగు ఇసుకరాతి మీద చెక్కడం చేత్తో గీసినంత సన్నగా ఉంటుంది. ఖాండవ దహనం ఘట్టం దగ్గర కాసేపు ఆపండి: పైన ఐరావతం మీద ఇంద్రుడు, కింద అడవి మీదికి వాలు గీతలుగా వాన. ఆ ఐరావతానికి మూడు తలలు. మన బొమ్మలకీ వీటికీ మధ్య ఇలాంటి తేడాలే మీ విద్యార్థులు రాసుకోవాల్సింది. కథ తెలుసన్న ధీమాతో మనవాళ్ళు బొమ్మని సరిగ్గా చూడకుండానే పేరు చెప్పేస్తారు. ముందు చేతులు, ఆయుధాలు, వాహనం రాయమనండి, పేరు ఆఖర్న.

అంగ్కోర్ వాట్‌లో జరిగే పెద్ద పొరపాటు ప్రదక్షిణ. ఈ గుడి పడమర ముఖం. లోపలికి వెళ్ళగానే అలవాటుగా ఎడమకి తిరుగుతాం. చెక్కడాల వరుస మాత్రం అప్రదక్షిణంగా నడుస్తుంది. కుడికి తిరగాలి: ముందు కురుక్షేత్రం, దక్షిణ గోడ మీద ఈ గుడి కట్టించిన రాజు రెండో సూర్యవర్మ ఊరేగింపు, తర్వాత స్వర్గనరకాలు, తూర్పున క్షీరసాగర మథనం. కురుక్షేత్రంలో ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు వస్తారు. అంపశయ్య మీద భీష్ముణ్ణి వెతకమనండి, పిల్లలే పట్టేస్తారు.

మథనం ఫలకం సుమారు 49 మీటర్లు. ఎడమన వాసుకి తలవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. తోక చివర ఒక వానర రూపం ఉంటుంది, హనుమంతుడని చెబుతారు. మన భాగవత కథలో అక్కడ ఆయన లేడు. ఒక పూట చర్చకి ఈ ఒక్క బొమ్మ చాలు. తూర్పు గోడకి పొద్దుటి వెలుతురు, పడమర గోడకి సాయంత్రం వెలుతురు బాగుంటుంది. అందుకని రెండో గుడి రోజు మధ్యాహ్నం పడమర, దక్షిణం, మూడో గుడి రోజు పొద్దున తూర్పు వైపు పెట్టుకోండి. గోడలు ముట్టుకోనివ్వకండి. చెయ్యి తగిలి తగిలి కొన్నిచోట్ల రాయి నల్లగా మెరిసిపోయింది.

అంగ్కోర్ వాట్ పై అంతస్తుని బకాన్ అంటారు, దాన్ని బౌద్ధ శీల దినాల్లో మూసేస్తారు. అవి నెలకి నాలుగు: పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. టికెట్లు కొనేముందు పంచాంగం చూసుకోండి, ఒక రోజు అటూ ఇటూ కావచ్చు కాబట్టి అక్కడా అడిగి ఖాయం చేసుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోకపోతే పైకి ఎక్కనివ్వరు. పైన చుట్టుకున్న చున్నీని ఒప్పుకోరు, చేతులున్న చొక్కా వేసుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్లో వద్దు. ఏరు అడుగున లింగాలు చెక్కిన క్బాల్ స్పియాన్ ఈ పాస్‌లోనే వస్తుంది, 1.5 కిలోమీటర్లు ఎక్కాలి. వానాకాలంలో నీళ్ళు ఎక్కువుంటే లింగాలు సరిగ్గా కనబడకపోవచ్చు. బాట దిగి అడవిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వద్దు, మందుపాతరల భయం మారుమూల చోట్ల ఇంకా ఉంది. కులెన్ కొండకి టికెట్ వేరు. థాయ్ సరిహద్దులోని ప్రీ విహార్ గుడిని మాత్రం ఈసారి వదిలేయండి, 2025లో అక్కడ కాల్పులు జరిగాయి.