పని పోయిందా? ఈఎస్ఐలో అడగాల్సిన డబ్బు ఉంది

ప్రశ్న: సార్, జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ సామాన్ల యూనిట్‌లో నాలుగేళ్లకు పైగా మెషిన్ ఆపరేటర్‌గా చేశాను. జీతం 18,000. ఆర్డర్లు లేవంటూ పోయిన నెల కొంతమందిని రావద్దన్నారు, అందులో నేనూ ఉన్నాను. ఆగిన జీతం ఇవ్వాలంటే రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పని పోయినవాళ్లకు ఈఎస్ఐ డబ్బు ఇస్తుందని మా బావమరిది అంటున్నాడు, నిజమేనా? ఎలా పెట్టుకోవాలి? అమ్మకు బీపీ, షుగర్ మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచే తెచ్చుకుంటున్నాం, అవి కూడా ఆగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
(పేరు వేయవద్దన్నారు, హైదరాబాద్)

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే. కానీ దరఖాస్తు సంగతి తర్వాత, ముందు ఆ రాజీనామా కాగితం సంగతి చూద్దాం. దయచేసి దాని మీద సంతకం పెట్టకండి. మిమ్మల్ని వాళ్లు తీసేశారు, మీరు మానేయలేదు. ఆ కాగితం మీద సంతకం పడితే మీరే ఇష్టపడి వెళ్లిపోయినట్టు అవుతుంది, రేపు ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు దాన్నే చూపిస్తారు. ఏడాదికి మించి పనిచేసిన కార్మికుణ్ని పని లేదని తీసేస్తే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. నాలుగేళ్లకు అది 60 రోజుల వేతనం. రాజీనామా చేసినవాడికి ఇందులో ఏదీ రాదు. అందుకే అంత పట్టుబట్టి సంతకం అడుగుతున్నారు.

ఆగిన జీతానికి, సంతకానికి సంబంధమే లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, పనిలోంచి తీసేసినా మనమే మానేసినా రెండు పని దినాల్లో బాకీ జీతం ఇచ్చేయాలి. ఇవ్వకపోతే మీ ఏరియా కార్మిక శాఖ అధికారికి రాసి ఇవ్వండి, ఇచ్చిన కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటగా రావద్దన్నారు కాబట్టి, ఫలానా తేదీ నుంచి నన్ను పనికి రానివ్వడం లేదు, కారణం ఆర్డర్లు లేవని చెప్పారు అని మీరే కంపెనీకి ఒక మెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్ట్ గానీ పంపండి. వాట్సాప్‌లో సూపర్‌వైజర్ పెట్టిన మెసేజ్ ఉన్నా జాగ్రత్తగా దాచుకోండి.

ఇక ఈఎస్ఐ. మీ జీతంలోంచి నెలనెలా 0.75 శాతం, అంటే 135 రూపాయలు కట్ అవుతుంది. యాజమాన్యం దానికి 3.25 శాతం, అంటే 585 కలిపి కడుతుంది. ఈ డబ్బుకు ఆసుపత్రి ఒక్కటే వస్తుందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు, ఏళ్ల తరబడి కట్టి కూడా పని పోయినప్పుడు ఒక్క రూపాయి అడగరు. అడగాలి. అది దానం కాదు, మీ బీమా.

పని పోయినవాళ్లకు ఈఎస్ఐలో రెండు పథకాలున్నాయి. ఎక్కువమందికి సరిపోయేది 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవాళ్లు, కరోనా సమయంలో 2020లో దాన్ని 50 శాతం చేశారు. జీవితంలో ఒక్కసారే, గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. లెక్క ఎలాగంటే, గడిచిన నాలుగు చందా కాలాల్లో (చందా కట్టే ఒక్కో ఆరు నెలలూ ఒక కాలం), అంటే రెండేళ్లలో మీరు సంపాదించిన మొత్తాన్ని 730తో భాగిస్తారు, అందులో సగం మీ రోజు భృతి. రెండేళ్లూ 18,000 చొప్పున వచ్చి ఉంటే రోజుకు దాదాపు 296 రూపాయలు, 90 రోజులకు 26,600 పైచిలుకు. కుటుంబాన్ని నడపడానికి ఇది చాలదని నాకు తెలుసు, జీవితంలో ఒక్కసారే అన్న షరతు నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా రెండు మూడు నెలల ఇంటి అద్దె, పిల్లల ఫీజు గట్టెక్కుతాయంటే వదులుకోవడం ఎందుకు?

అర్హత సంగతి. పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కిందికి వచ్చే ఉద్యోగంలో ఉండాలి. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకొకటి. పని పోవడానికి సరిగ్గా ముందున్న కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి, ఆ రెండేళ్లలో మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒక దాంట్లోనూ 78 రోజులు ఉండాలి. తప్పు చేశాడని శిక్షగా తీసేసినవాళ్లకు, రిటైరైనవాళ్లకు, స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నవాళ్లకు ఇది రాదు. మీకు నాలుగేళ్ల సర్వీసు ఉంది కాబట్టి, చందాలు సరిగ్గా జమ అయి ఉంటే ఇబ్బంది ఉండకూడదు.

సరిగ్గా జమ అయ్యాయా లేదా అన్నదే అసలు చిక్కు. ఈరోజే ఈఎస్ఐ పోర్టల్‌లో మీ ఇన్సూరెన్స్ నంబర్‌తో లాగిన్ అయి, నెలనెలా ఎన్ని రోజులకు చందా పడిందో చూడండి. కంపెనీ మీ పేరు తీసేటప్పుడు ఒక కారణం కూడా నమోదు చేస్తుంది, తనే మానేశాడు అని ఉందా, తొలగించాం అని ఉందా అన్నది కూడా కనుక్కోండి. జీతంలో కట్ చేసి అక్కడ కట్టకపోతే పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని బ్రాంచ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, అక్కడ పట్టించుకోకపోతే ఆదర్శ్‌నగర్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లండి.

దరఖాస్తు పెద్ద కష్టం కాదు. పని పోయిన రోజు నుంచి 30 రోజులు దాటాక క్లెయిమ్ పెట్టుకోవచ్చు. కంపెనీ సంతకం గానీ సిఫారసు గానీ అక్కర్లేదు, క్లెయిమ్ నేరుగా మీరే పెడతారు. అదే పోర్టల్‌లో అటల్ పథకం క్లెయిమ్ తెరిచి, పని లేని తేదీలు నింపి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి జతచేయాలి. స్కాన్ చేయడం కుదరకపోతే నింపిన ఫారం ప్రింటు తీసి, సంతకం చేసి, ఆ రెండు కాపీలతో బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వండి లేదా పోస్టులో పంపండి. మొదట్లో స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అడిగేవాళ్లు, 2020 చివర్లో దాన్ని తీసేశారు, ఎవరైనా ఇంకా అడిగితే ఆ సంగతి చెప్పండి. గడిచిన రోజులకే డబ్బు ఇస్తారు, రాబోయే రోజులకు ముందుగా అడగడం కుదరదు. డబ్బు నేరుగా మీ ఖాతాలో పడుతుంది కాబట్టి ఆధార్‌లో, ఈఎస్ఐలో, బ్యాంకులో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి, క్లెయిములు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు, అందుకే బ్రాంచ్ ఆఫీసులో ఇప్పటి గడువు ఎప్పటివరకో అడిగి, ఆలస్యం చేయకుండా పెట్టేయండి.

రెండోది 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, అంటే పని లేదని తొలగించినా, కనీసం రెండేళ్ల చందా ఉన్నవాళ్లకు మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. అటల్ పథకం కంటే ఇది చాలా పెద్ద సాయం, కానీ మిమ్మల్ని రిట్రెంచ్ చేశారనడానికి కాగితం కావాలి. రాజీనామా మీద సంతకం వద్దని నేను అంతగా చెప్పడానికి ఇంకో కారణం ఇదే. కార్మిక శాఖ దగ్గర మీతో పాటు తీసేసిన మిగతావాళ్లు కూడా కలిసి ఫిర్యాదు ఇస్తే రిట్రెంచ్‌మెంట్ అని తేల్చుకోవడం తేలికవుతుంది.

అమ్మ మందుల గురించి దిగులు పడకండి, పని పోయిన మర్నాడే ఈఎస్ఐ వైద్యం ఆగదు. ఏప్రిల్-సెప్టెంబర్ కాలంలో కట్టిన చందాకు ఆ తర్వాత వచ్చే జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబర్-మార్చి చందాకు జూలై నుంచి డిసెంబర్ వరకు ప్రయోజనం ఉంటుంది. డిస్పెన్సరీలో పేరు లేదని పంపించేస్తే మీ చందా వివరాల ప్రింటు చూపించి అడగండి.

ప్రశ్న: నా జీతం 32,000, ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. మూడేళ్ల తర్వాత ఉద్యోగం పోయింది. నాకు ఈఎస్ఐ లేదు. పీఎఫ్ మొత్తం తీసేయమని అందరూ అంటున్నారు, తీసేయనా?
(ఒక సోదరి, విజయవాడ)

జవాబు: అమ్మా, ఈఎస్ఐ 21,000 జీతం వరకే కాబట్టి ఆ భృతి మీకు రాదు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగికి ఈ దేశంలో నిరుద్యోగ బీమా లేకపోవడం పెద్ద లోటు, దీని గురించి గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది. ప్రస్తుతానికి మీకున్న ఆధారం పీఎఫ్.

మొత్తం తీయకండి, అవసరమైనంతే తీయండి. పాత నిబంధన ప్రకారం నెల రోజులు పని లేకపోతే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాది కూడా తీసుకోవచ్చు. 2025 అక్టోబర్‌లో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మిగిలిన 25 శాతం 12 నెలలు పని లేకుండా ఉంటే, పెన్షన్ వాటా 36 నెలల తర్వాత. మీరు క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్‌లో ఏది కనిపిస్తుందో దాని ప్రకారం నడుచుకోండి. అయిదేళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి తీసే మొత్తం 50,000 దాటితే పాన్ ఉన్నా 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే పట్టుకుంటారు. పెన్షన్ వాటాను మాత్రం అస్సలు ముట్టుకోవద్దని నా మాట. మొత్తం పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది, ఇప్పుడు తీసేస్తే ఈ మూడేళ్లు ఆ లెక్కలోంచి పోతాయి.

పాత కంపెనీ మీరు వెళ్లిపోయిన తేదీ నమోదు చేయకపోతే క్లెయిమ్ ముందుకు కదలదు. వాళ్ల చుట్టూ తిరగనక్కర్లేదు, చివరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు దాటాక యూఏఎన్ (మీ పీఎఫ్ సభ్యత్వ నంబర్) పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే ఆ తేదీ వేసుకోవచ్చు.

ప్రశ్న: ఈఎస్ఐ డబ్బు ఇప్పిస్తానని ఒకాయన 3,000 అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?
(పటాన్‌చెరు నుంచి)

జవాబు: వద్దు. దరఖాస్తుకు ఫీజు లేదు. మీ ఓటీపీ, పాస్‌వర్డ్ ఆయన చేతికి ఇస్తే రేపు పీఎఫ్ కూడా ఆయన చేతిలోకి వెళ్తుంది. ఆన్‌లైన్ తెలియకపోతే మీ సేవ కేంద్రంలో ప్రింటు తీయించుకుని, బ్రాంచ్ ఆఫీసుకు మీరే వెళ్లి ఇచ్చి, రసీదు తీసుకోండి.