ఇన్సులిన్ ఖర్చు: కట్టాల్సిన పాలసీ కాదు, కొడుకు జీతం స్లిప్పు చూడండి

ప్రశ్న: అన్నగారికి నమస్కారాలండి. మాది ముక్తేశ్వరం దగ్గర లంక ఊరు. మా ఆయనకి యాభై మూడేళ్లు, కొబ్బరి దింపు పనికి వెళ్తారు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. మాత్రలతో తగ్గట్లేదని సంక్రాంతి తర్వాత ప్రైవేటు డాక్టరుగారు పెన్ను ఇన్సులిన్ రాశారు. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12. కార్ట్రిడ్జిలు, సూదులు, మాత్రలు అన్నీ కలిపి నెలకి నాలుగు వేలు దాటుతోంది. వానాకాలం వస్తే పని ఉండదు. ఈ మధ్య ఆయన నాకు చెప్పకుండా ఒక పూట వేసుకుని ఒక పూట మానేస్తున్నారని తెలిసింది. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకెళ్తే ఇన్సులిన్‌కి పనికిరాదన్నారు. మా ఊరి ఏజెంటు ఏడాదికి 18 వేలు కట్టి పాలసీ తీసుకుంటే మందులన్నీ వచ్చేస్తాయంటున్నాడు. షుగరు ఉన్నట్టు ఫారంలో రాయక్కర్లేదట. మా అబ్బాయి కాకినాడ దగ్గర రొయ్యల ప్లాంటులో చేస్తున్నాడు, ఆ డబ్బు తను కడతానంటున్నాడు. కట్టమంటారా? తక్కువ రేటు ఇన్సులిన్ ఉందంటున్నారు, అది సరిగ్గా పనిచేస్తుందా? మాకు ఫ్రిజ్ లేదు. ఒకటే టెన్షన్‌గా ఉందండి.
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: చెల్లెమ్మా, ఆ 18 వేలు కట్టకండి. మీ అబ్బాయికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

మామూలు ఆరోగ్య బీమా పాలసీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం. సాధారణంగా కనీసం 24 గంటలు మంచం మీద ఉంటేనే డబ్బు ఇస్తారు. చేరడానికి ముందు కొన్నాళ్లు, బయటికొచ్చాక కొన్నాళ్లు అయిన మందుల బిల్లులు ఇస్తారు, అంతే. ప్రతి నెలా మెడికల్ షాపులో కొనే ఇన్సులిన్‌కి అందులో చోటు లేదు. బయటి మందులకి కూడా ఇచ్చే పాలసీలు ఉన్నాయి గానీ, వాటికి కట్టేదెంత, ఏడాదికి వాళ్లిచ్చే గరిష్ఠ మొత్తం ఎంత అని పక్కపక్కన రాసి చూస్తే మీకే అర్థమవుతుంది. పైగా ముందునుంచి ఉన్న జబ్బుకి పాలసీ తీసుకున్నాక మూడేళ్ల వరకూ ఆగమనే హక్కు కంపెనీకి ఉంది. అది నాలుగేళ్లుగా ఉండేది, 2024లో మూడేళ్లకి తగ్గించారు.

షుగరు సంగతి రాయక్కర్లేదన్న మాట మాత్రం నాకు చాలా కోపం తెప్పించింది. తొమ్మిదేళ్ల జబ్బుని దాచి సంతకం పెడితే, రేపు నిజంగా ఆసుపత్రిలో పడ్డ రోజున పాత చీటీలు చూసి క్లెయిము కొట్టేస్తారు. ఆ రోజు ఏజెంటు మీ పక్కన ఉండడు. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం వస్తే మీ దగ్గరున్న కార్డే అక్కరకొస్తుంది. దాన్నిప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. నెలనెలా కొనే ఇన్సులిన్‌కి అది పనికిరాదని మీకు చెప్పినమాట నిజమే.

ఇక మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం. మీ అబ్బాయి ప్లాంటులో పనిచేస్తున్నాడన్నారు. వాడి జీతం స్లిప్పు తెప్పించుకుని చూడండి. నెల జీతం 21 వేల లోపు ఉన్న కార్మికులకి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉంటుంది. వాళ్ల జీతంలో ముప్పావు శాతం కోస్తారు, యాజమాన్యం మూడుంపావు శాతం కలుపుతుంది. చాలామంది కుర్రాళ్లకి ఆ కోత ఎందుకో కూడా తెలీదు. నేను చెప్పిన బీమాలన్నిటిలో ఆసుపత్రిలో చేరకుండానే ఓపీలో చూసి మందులు చేతికే ఇచ్చేది ఇదే, ఇన్సులిన్‌తో సహా. కొడుకు మీద ఆధారపడ్డ తల్లిదండ్రులని కూడా కుటుంబంలో చేర్చుకోవచ్చు. వాళ్ల సొంత ఆదాయం నిర్ణయించిన పరిమితి దాటకూడదని ఒక షరతు ఉంది. మీ ఆయన దింపు కూలి దానికి అడ్డొస్తుందో రాదో ప్లాంటు హెచ్ఆర్ వాళ్లనీ, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనూ అడగమనండి. ఉన్న ఆదాయం ఉన్నట్టే రాయండి. పేర్లు ఎక్కితే డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, పెద్ద అవసరానికి రాజమండ్రిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మీరు కొత్తగా కట్టేదేమీ లేదు. మీ వాడు ఇప్పటికే కడుతున్నాడేమో!

అది తేలేలోపు ఖర్చు తగ్గించే దారి చెబుతాను. ముప్పై ఏళ్లకి పైగా ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటరులో నిలబడ్డవాణ్ణి, ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. మీ ఆయనకి రోజుకి 32 యూనిట్లు, నెలకి 960. పెన్ను కార్ట్రిడ్జిలో 300 యూనిట్లుంటాయి కాబట్టి నెలకి నాలుగు కొనాల్సి వస్తోంది. సీసాలో వచ్చే పాత రకం ఇన్సులిన్ (హ్యూమన్ ఇన్సులిన్ అంటారు) 10 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 40 యూనిట్ల చొప్పున మొత్తం 400 యూనిట్లు. ఇది అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టడి చేసింది. సీసా రెండొందల లోపే దొరుకుతుంది. నెలకి మూడు సీసాలైనా ఆరొందలు దాటదు. సిరంజిలు, మాత్రలు వేరే. మాత్రలు జన ఔషధి షాపులో అడిగితే ఇంకా తగ్గుతాయి. అమలాపురంలో గానీ కాకినాడ జనరల్ ఆసుపత్రిలో గానీ షుగరు, బీపీ రోగుల్ని చూసే ఎన్‌సీడీ విభాగంలో పేరు రాయించుకుంటే ఈ సీసా ఇన్సులిన్ ఉచితంగానే ఇస్తారు. స్టాకు అయిపోయే రోజులుంటాయి, ఆ మాట దాచను. అందుకే చేతిలో సీసా సగానికి రాగానే వెళ్లండి, ఖాళీ అయ్యేదాకా ఆగకండి.

తక్కువ రేటుది పనిచేస్తుందా అన్నారు. పనిచేస్తుందమ్మా. నా కళ్ల ముందు వందల మంది దానితోనే బతికారు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో దాని పేటెంటుని టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకి ఇచ్చేశారు, డబ్బు లేక ఎవరూ దీనికి దూరం కాకూడదని. మీ డాక్టరుగారు రాసింది కొత్త రకం అయ్యుంటే దానికి కొన్ని మంచి గుణాలున్నాయి, రాత్రిళ్లు షుగరు పడిపోవడం కొంత తక్కువ. కానీ రోజూ వేసుకునే సీసా మందు, పూట విడిచి పూట వేసుకునే ఖరీదైన మందు కంటే నూరు రెట్లు మేలు.

అయితే మీ అంతట మీరు మార్చొద్దు. "డాక్టరుగారూ, ఇంత ఖర్చు మా వల్ల కావట్లేదండి, సీసా ఇన్సులిన్ రాయండి" అని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడే చాలామంది ఇంటికెళ్లి మందు మానేస్తారు. మిశ్రమ ఇన్సులిన్‌లో, అంటే తొందరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపినదాంట్లో, పాత రకం తిండికి అరగంట ముందు వేయాలి, కొత్త రకం తినబోయే ముందు వేసినా సరిపోతుంది. మోతాదు ఎంతన్నది డాక్టరుగారే చెప్పాలి.

సిరంజి దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాకి ఎర్ర మూత సిరంజి. నారింజ రంగు మూతది మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే మందుకి, పెన్ను కార్ట్రిడ్జిలో ఉండేది ఆ మందే. నేను కౌంటరులో ఉన్న రోజుల్లో ఒక రైతు పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగి వేసుకున్నాడు. ఒంట్లోకి వెళ్లింది 50 యూనిట్లు. కాలవగట్టు మీద పడిపోయాడు. టీ కొట్టతను పంచదార నీళ్లు పట్టబట్టి బతికాడు. ఆ తర్వాత సిరంజి ఇచ్చే ప్రతిసారీ మూత రంగు చూపించి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకునేవాణ్ణి.

ఫ్రిజ్ లేదని దిగులుపడకండి. మీ లెక్కకి సీసా 12 రోజుల్లో అయిపోతుంది. తెరిచిన సీసా చల్లటి చోట నాలుగు వారాలు బాగానే ఉంటుంది కాబట్టి ఒక్కోటే కొనండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో ఉంచి పైన తడి గుడ్డ కప్పండి. ఇసుక ఎండనివ్వకండి. 2022 జూలై వరదల్లో లంకల్లో కరెంటు లేని రోజుల్లో నేను అందరికీ చెప్పింది ఇదే. ఎప్పుడైనా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టే అరలో మాత్రం పెట్టొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పారేయాల్సిందే.

మీరు అడగనిది, నాకు అన్నిటికన్నా భయం వేసింది ఇంకొకటుంది. ఆయన చెట్టెక్కే మనిషి. దింపువాళ్లు తెల్లారుతూనే బయల్దేరతారు, చాలామంది టీ చుక్కతోనే. పొద్దున 20 యూనిట్లు పొడుచుకుని, ఏమీ తినకుండా నాలుగు చెట్లెక్కితే షుగరు డౌన్ అవుతుంది. నేల మీదైతే కూర్చుంటాడు, చెట్టు మీదైతే? ఆయన ఏం పని చేస్తారో డాక్టరుగారికి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. పూటలు మానేయడానికి కారణం డబ్బొక్కటేనా, పైన ఉండగా చేతులు వణికి భయపడి మానేస్తున్నారా, మెల్లగా అడగండి. మగవాళ్లు ఆ మాట తొందరగా చెప్పరు. పని ఉన్న రోజు మోతాదు ఎంత, ఎప్పుడు తినాలి అన్నది డాక్టరుతో తేల్చుకునేవరకు చెట్టెక్కనివ్వొద్దు. కింద ఒలుపు పనో, కాయ ఏరే పనో చూసుకోమనండి, కూలి తగ్గినా సరే. ఆ తర్వాత కూడా చద్దన్నమో, రెండు ఇడ్లీలో కడుపులో పడ్డాకే పని. మొలలో పంచదార పొట్లం ఉండాలి. చెమటలు పట్టినా, కళ్లు మసకబారినా వెంటనే దిగి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకు తాగి, పావుగంట కూర్చోవాలి. ఆ రోజుకి ఇక చెట్టు వద్దు. కూడా వెళ్లే దింపువాళ్లకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

డాక్టరుగారు ఏమన్నారో, ఈఎస్ఐలో పేర్లు ఎక్కాయో లేదో మళ్లీ రాయండి. జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగక్కర్లేకుండా మీ ఇంటి అడ్రసు కూడా రాయండి, నేనే కార్డు ముక్క వేస్తాను.