'నాన్నకు చెప్పకు' అన్న మాటతో మొదలైన అప్పు

పదహారేళ్ల కొడుకు గురించి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ప్రతి నెలా ఒకటో తేదీన తండ్రి ఇచ్చే పాకెట్ మనీ పదో తేదీకల్లా అయిపోతోందని, ఆ తరువాత అబ్బాయి తన చుట్టూ తిరిగి బతిమాలితే ఇంటి ఖర్చుల్లో మిగిల్చుకున్న దానిలోంచి కొంత తీసి ఇస్తున్నానని, ఇచ్చిన ప్రతిసారీ 'నాన్నకు చెప్పకు' అని హెచ్చరిస్తున్నానని ఆమె రాశారు. మూడు నెలల కిందట అబ్బాయి ఫోన్‌లో ఆడే ఆట కోసం స్నేహితుల దగ్గర అప్పు చేశాడు. వాళ్లు ఇంటి దాకా వచ్చి అడిగేసరికి ఆమె బెదిరిపోయి, తన తమ్ముడి దగ్గర చేబదులు తెచ్చి తీర్చేశారు. భర్తకు ఈ సంగతి తెలియదు. పోయిన వారం, బట్టల మడతల మధ్య ఆమె దాచుకున్న సొమ్ములో కొంత కనిపించలేదు. అబ్బాయిని అడిగితే మొదట తనకు తెలియదన్నాడు, గట్టిగా అడిగితే తలవంచుకున్నాడు. 'పాకెట్ మనీ పూర్తిగా ఆపేయమంటారా, తగ్గించమంటారా? పిల్లలకు డబ్బు విలువ నేర్పే శిక్షణ ఎక్కడైనా ఉంటే చెప్పండి' అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీరు అడిగిన దానికి ముందుగా జవాబు చెప్పేస్తాను. పాకెట్ మనీ ఆపవద్దు, తగ్గించవద్దు, అబ్బాయిని ఏ శిక్షణకూ పంపవద్దు. నెలకు ఎంత ఇవ్వాలన్నది మీ ఇంటి రాబడిని ముందు పెట్టుకుంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయే విషయం. దాని కోసం మీరు నాకు ఇంత పెద్ద ఉత్తరం రాయనక్కరలేదు. నేను దానిని మూడుసార్లు చదివాను. అబ్బాయి చేసిన ఖర్చు గురించి మీరు రాసిన వాక్యాల కన్నా, మీ వారికి తెలియకుండా మీరు చేసిన పనుల గురించి రాసినవే అందులో ఎక్కువగా ఉన్నాయి. దాచడం, ఇవ్వడం, చేబదులు తేవడం, తీర్చడం అన్నీ ఆయన కంట పడకుండానే జరిగాయి. చక్కబడవలసింది ముందుగా మీ భార్యాభర్తల మధ్య ఉన్న ఈ చాటు. అబ్బాయి సంగతి ఆ తరువాత.

'నాన్నకు చెప్పకు' అన్న మాట మీ అబ్బాయికి మీరు ఎన్నో ఏటి నుంచి చెబుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. చిన్నప్పుడు బొమ్మ కొనిపెట్టినప్పుడు కూడా అన్నానని మీరే రాశారు. అంటే డబ్బు గురించి ఆ పిల్లవాడికి పదేళ్లుగా పాఠం జరుగుతూనే ఉంది. ఇంట్లోకి డబ్బు రెండు వాకిళ్ల గుండా వస్తుందని, వీధి వాకిలి గుండా వచ్చేదానికి లెక్క చెప్పాలని, పెరటి వాకిలి గుండా వచ్చేదానికి బతిమాలితే చాలని వాడు నేర్చుకున్నాడు. సంపాదించే మనిషికి భయపడాలని, ఇచ్చే మనిషిని మెత్తబరచవచ్చునని నేర్చుకున్నాడు. అప్పు చేస్తే ఎవరో ఒకరు వచ్చి తీరుస్తారన్నది మూడు నెలల కిందట నేర్చుకున్నాడు. ఇక మీరు దాచుకున్న సొమ్ములో చెయ్యి పెట్టడానికి వాడికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. ఆ సొమ్ము పోతే మీరు ఎవరికీ చెప్పుకోలేరని వాడికి బాగా తెలుసు. దొంగకు తేలు కుట్టినట్లు అంటారే, ఏ దొంగతనమూ చేయని మీకు, మీ ఇంట్లో, మీరు పొదుపు చేసుకున్న డబ్బు విషయంలో ఆ దుస్థితి పట్టింది. ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

మీ వారు మంచివారేనని, డబ్బు దగ్గర మాత్రమే కోపం వస్తుందని, తెచ్చిన ప్రతి వస్తువుకూ పద్దు అడుగుతారని రాశారు. ఇంటిని నడిపే మనిషి తన చేతి ఖర్చు కోసం దొంగచాటు పడవలసి రావడం అవమానమని నేను గట్టిగా నమ్ముతాను, ఆ అవమానంలో ఆయన భాగం తక్కువేమీ కాదు. అయితే పెళ్లయిన పద్ధెనిమిదేళ్లలో 'మీరిచ్చేది చాలడం లేదు' అని ఆయన ముఖం మీద ఒక్కసారైనా చెప్పానని మీరు ఎక్కడా రాయలేదు. ఆయన కోపాన్ని ఊహించుకుని, ఆయన తరఫున మీరే 'కాదు' అనేసుకుని, పెరటి దోవ వెతుక్కున్నారు. ఆయనకు మాత్రం తాను ఇచ్చినదానితో ఇల్లు చక్కగా గడుస్తోందనే నమ్మకం మిగిలింది. ఆ నమ్మకం తప్పని ఆయనకు చెప్పవలసినది మీరే.

కాబట్టి పిల్లలు లేని ఒక నెమ్మదైన సమయం చూసుకుని ముందు ఆయనతో మాట్లాడండి. మీ తమ్ముడి దగ్గర తెచ్చిన చేబదులు సంగతి మొదట చెప్పండి, తరువాత మీరు దాచుకుంటున్న సొమ్ము సంగతి, ఆఖరున అందులో కొంత పోయిన సంగతి చెప్పండి. ఈ వరుస మార్చవద్దు. కొడుకు తప్పుతో మొదలుపెడితే ఆయన కోపమంతా వాడి మీదికి మళ్లుతుంది, మీరు అడ్డం పడతారు, రెండు రోజులకు వాడి మీద జాలితో మళ్లీ చాటుగా నాలుగు నోట్లు చేతిలో పెడతారు. మీ తప్పు మీరు ముందు ఒప్పుకుంటే మాట మీ ఇద్దరి మధ్యనే ఉంటుంది. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. ఆ కోపం చల్లారాక, ఇంటి ఖర్చుతో కలపకుండా, పద్దు చెప్పనక్కరలేకుండా నెలకు కొంత మొత్తం మీ పేరు మీద ఉండాలని అడగండి. మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, అది అందరికీ తెలిసి మీది కావాలి. ఒకవేళ ఆయన కోపం మాటల దగ్గర ఆగదని, చెయ్యి చేసుకుంటారని మీకు భయం ఉంటే మాత్రం ఒంటరిగా ఈ పని చేయవద్దు. ఆయన మాట వినే పెద్దలనో, వృత్తిగా కౌన్సెలింగ్ చేసేవారినో పక్కన పెట్టుకునే మాట్లాడండి. అటువంటి ఇంట్లో ముందు చూడవలసింది మీ క్షేమం, పొదుపు పాఠాలు ఆ తరువాతే.

ఇది జరిగాకనే అబ్బాయిని పిలవండి, ఇద్దరూ కలిసి కూర్చోండి. తీసిన సొమ్ము, మేనమామ దగ్గర తెచ్చిన సొమ్ము రెండూ వాడే తీర్చాలని చెప్పండి. ప్రతి నెలా పాకెట్ మనీలో మూడో వంతు దానికి పోవాలి, ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు. మేనమామకు ఇచ్చేది వాడి చేతనే ఇప్పించండి. పాకెట్ మనీ ఆపవద్దని మొదట్లో నేను అన్నది ఇందుకే, చేతిలో ఏమీ లేని పిల్లవాడు దేనితో తీరుస్తాడు? చుట్టాల ముందు వాడిని దొంగ అని ఒక్కసారి కూడా అనకండి. తప్పు ఒప్పుకుని తీరుస్తున్న మనిషికి ఇంట్లో దక్కవలసిన మర్యాద వాడికి దక్కాలి.

ఇక శిక్షణ మాట. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే పరీక్షలో డబ్బు వ్యవహారాల అవగాహనను 2012లో మొదటిసారి చేర్చింది. ఒక బిల్లును, ఒక జీతం చీటీని ముందు పెట్టి, ఇందులో ఏమి రాసి ఉందో, చేతికి ఎంత వస్తుందో చెప్పమనే ప్రశ్నలు అందులో ఉన్నాయి. మీ అబ్బాయి తన తండ్రి జీతం చీటీ ఎన్నడైనా చూశాడా? మీరు చూశారా? చూడలేదనే నేను అనుకుంటున్నాను. ఇంటి రాబడి ఎంతో, అద్దెకు, చదువులకు, మందులకు, కరెంటుకు పోగా మిగిలేది ఎంతో తెలియని పిల్లవాడికి తాను ఆటలో తగలేసిన మొత్తం పెద్దదో చిన్నదో తెలిసే దారి లేదు. నెలకు ఒకసారి నలుగురూ కూర్చుని జమాఖర్చులు రాయండి, రాసే పని అబ్బాయికే అప్పగించండి. ఇది మీ వారికి మొదట్లో రుచించదు. జీతం ఎంతో పిల్లలకు తెలిస్తే చులకనవుతామని చాలామంది తండ్రులు అనుకుంటారు. నేను చూసినంతలో ఇంటి కష్టం తెలిసిన పిల్లలు అడగడం తగ్గించుకున్నారు, తండ్రి మీద గౌరవం పెంచుకున్నారు.

ఆ ఆట గురించి కూడా మీ ఇద్దరికీ తెలియాలి, ఎందుకంటే అక్కడ వాడు పోరాడుతున్నది తన బలహీనతతో మాత్రమే కాదు. అటువంటి ఆటల్లో చాలా వాటిలో అసలు డబ్బును ముందుగా ఆటలోని నాణేలుగా, రత్నాలుగా మారుస్తారు, ఆ తరువాత ఖర్చు పెడుతున్నది డబ్బన్న స్పృహ తగ్గిపోతుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే పెట్టెలు కొన్నింటిలో ఉంటాయి. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని ప్రసిద్ధ ఆటలలోని అటువంటి పెట్టెలను జూదంగానే పరిగణించింది. పెద్దలకే కష్టమైన ఈ ఆకర్షణను పదహారేళ్లవాడు ఒంటరిగా తట్టుకోవాలనడం న్యాయం కాదు. ఫోన్‌లో కార్డు వివరాలు ఉంటే తీసివేయండి, కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చండి, ఈ పని వాడి ఎదుటే, కారణం చెప్పి చేయండి.

అప్పు గురించి ఒక లెక్క వాడి చేతనే చేయించండి. నెలకు నూటికి మూడు చొప్పున చక్రవడ్డీకి వెయ్యి తీసుకుని ఏడాది పాటు ఏమీ కట్టకపోతే అది దాదాపు 1,426 అవుతుంది, రెండేళ్లకు రెట్టింపు దాటుతుంది. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే కాలం ఉజ్జాయింపుగా వస్తుందని చెప్పండి. అదే లెక్కను పొదుపు వైపు కూడా చూపించండి. ఏడాదికి 8 శాతం వస్తుందనుకుంటే తొమ్మిదేళ్లకు ఒకసారి సొమ్ము రెట్టింపవుతుంది. పదహారేళ్లప్పుడు దాచిన పదివేలు యాభై రెండేళ్లకు లక్షా అరవై వేలవుతాయి, అదే పదివేలు ఇరవై ఐదేళ్లప్పుడు దాస్తే ఎనభై వేలే. ఈ తేడాను కాగితం మీద తానే వేసి చూసుకున్న పిల్లవాడికి మీరు వేరే ఉపదేశం చేయనక్కరలేదు.

పాకెట్ మనీకి షరతులు ఎక్కువ పెట్టకండి. మార్కులు తగ్గితే కోయడం, ఇంటి పని చేస్తే కూలి కట్టినట్లు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఇచ్చిన తేదీ మారకూడదు, నెల మధ్యలో చేతిలో ఏమీ లేకపోతే తరువాతి ఒకటో తేదీ దాకా ఆగాలి. పదో తేదీకి ఖాళీ అయిన జేబుతో ఇరవై రోజులు గడపడం వాడికి కష్టమే, ఆ ఇరవై రోజులూ మీ చెయ్యి బట్టల మడతల వైపు పోకుండా ఆపుకోవడం మీకు అంతకన్నా కష్టం.

చివరగా, మీ అమ్మాయి గురించి. పద్నాలుగేళ్ల ఆ పిల్ల గురించి ఉత్తరం మొత్తంలో మీరు రాసింది ఒక్క వాక్యం: 'దానికి డబ్బు అవసరం రాదు, అది ఏదీ అడగదు.' ఆ వాక్యం చదివి నాకు కోపం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. అడగకుండా ఉండడం ఆ పిల్ల మిమ్మల్ని చూసి నేర్చుకుంది. ఇరవై ఏళ్ల తరువాత తన ఇంట్లో తానూ బట్టల మడతల మధ్య నోట్లు దాచుకునే మనిషి కావాలని మీరు కోరుకోరని నాకు తెలుసు. ఈ నెల ఒకటో తేదీన అబ్బాయికి ఇచ్చేటప్పుడే, వాడికి ఆ వయసులో ఇచ్చినంతా అమ్మాయికీ ఇవ్వండి. మీ వారి చేత, అందరి ముందు ఇప్పించండి. ఏమి కొన్నావని వెంటనే అడగకండి.