యుద్ధంలో చచ్చిన గాడిదలకీ స్మారకమా?

"యుద్ధాల్లో చనిపోయిన జంతువులకి స్మారకాలు కట్టడం డబ్బు దండగ కాదా?" అని కదా మీ ప్రశ్న. ఆరేళ్ళ క్రితం అడిగుంటే దండగేనని నేనే చెప్పేవాణ్ణి.

మా అమ్మాయి రెండో కాన్పుకని లండన్ వెళ్ళాం. ఇంట్లో నాకు పనేముంటుంది, పెద్ద మనవణ్ణి తిప్పడం తప్ప. ఓ రోజు హైడ్ పార్కుకి బయల్దేరితే, పక్కన పార్క్ లేన్ రోడ్డు నడిమధ్యలో యుద్ధాల్లో చచ్చిన జంతువుల స్మారకం కనబడింది. 2004లో కట్టారట. చుట్టూ బస్సుల రొద. ఇంత గొప్పది కట్టి కార్ల మధ్యన పెట్టడమేమిటో!

వంపు తిరిగిన రాతిగోడ. దాని ముందు రెండు కంచు కంచరగాడిదలు, వీపు నిండా సామాన్లతో మెట్లెక్కుతూ గోడలో ఉన్న సందు వైపు పోతున్నాయి. గోడ అవతల గుర్రం, కుక్క. వాటి మీద ఏ బరువూ లేదు. కుక్క మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది. మావాడు తన చేతిలో బిస్కెట్ గాడిదకి పెడతాను, ఎత్తుకోమని ఒకటే గోల.

మా తాత తెనాలిలో జట్కా తోలేవాడు. సాయంత్రం గుర్రాన్ని విప్పాక, పట్టీ ఒరుసుకున్న చోట పసుపు, ఆముదం రాసి, అప్పుడు తను కాళ్ళు కడుక్కునేవాడు. ఆ కంచుబొమ్మల్ని చూస్తే నాకు గుర్తొచ్చింది ఆ పుండే. గోడ మీద "వాటికి వేరే దారి లేదు" అని ఇంగ్లీషులో చెక్కారు. నిజమే, జీతం కోసం చేరిన గుర్రం ఎక్కడైనా ఉందా?

మనకేం సంబంధం అనకండి. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి కంచరగాడిదల దళాలు ఫ్రాన్సు దాకా వెళ్ళాయి. 1940లో జర్మన్లు తరుముకొస్తుంటే ఫ్రాన్సు తీరంలోని డంకర్క్ దగ్గర మనుషులు ఓడలెక్కారు, గాడిదల్ని అక్కడే వదిలేశారు.

ఇక ఢిల్లీలో తీన్‌మూర్తి అనే మూడు సైనికుల విగ్రహాల సంగతి. ఆ ముగ్గురూ హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లకి, అంటే ఈటెలు పట్టిన గుర్రపు దళాలకి గుర్తు. వాటిలో మైసూర్, జోధ్‌పూర్ దళాలు 1918లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా పట్టణం మీదికి గుర్రాలతో దూసుకెళ్ళి దాన్ని పట్టుకున్నాయి. విగ్రహాల్లో చూడండి, ముగ్గురూ నేల మీదే నిలబడి ఉంటారు. గుర్రమేదీ? మన ఊళ్ళలో సందుకో విగ్రహం పెట్టే డబ్బుంది గానీ, వాళ్ళ పక్కన ఒక్క గుర్రాన్ని నిలబెట్టడానికి లేదు.