పెట్రోల్లో ఆయిల్ ఎంత? టూ స్ట్రోక్ ఎండ్యూరో సందేహాలు

ప్రశ్న: 2016 మోడల్ కేటీఎం 300 ఈఎక్స్‌సీ అనే టూ స్ట్రోక్ ఎండ్యూరో (మట్టిదారుల) బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నానండి. ఇంజిన్ మన్నుతుందని 30:1 పాళ్లలో (30 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు) టూటీ, అంటే టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నాను. పొగ ఎక్కువగా వస్తోంది, సైలెన్సర్ అతుకు దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది. ఆయిల్ తగ్గించమంటారా?
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: తగ్గించండి, కానీ జిడ్డు పోవాలంటే అదొక్కటే చాలదు. ఈ బండికి కంపెనీ చెప్పిన కొలత 60:1. అంటే 10 లీటర్ల పెట్రోలుకు 167 మి.లీ. మంచి సింథటిక్ ఆయిల్. ఆయిల్ నాణ్యత మీద అనుమానం ఉంటే 40:1, అంటే 250 మి.లీ. క్యాన్‌లో ముందు సగం పెట్రోల్ పోసి, కొలిచిన ఆయిల్ వేసి కుదపండి. మిగతా పెట్రోల్ పోసి మళ్లీ కుదపండి. నేరుగా ట్యాంకులో కలపొద్దు.

ఇక జిడ్డు సంగతి. అది చాలావరకు కాలని పెట్రోలుతో కలిసి బయటికొచ్చిన ఆయిల్. కార్బురేటర్ పెట్రోల్ ఎక్కువ ఇస్తున్నప్పుడు, బండి ఎప్పుడూ నెమ్మదిగానే నడుస్తున్నప్పుడు ఇలా కారుతుంది. పైగా ఆయిల్ తగ్గిస్తే అదే జెట్‌ (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం) లోంచి పెట్రోల్ కాస్త ఎక్కువ వెళ్తుంది. అందుకే జెట్టింగ్, అంటే జెట్ల సైజులు, సర్దుబాట్లు కూడా చూసుకోవాలి.

ముందు ఎయిర్ ఫిల్టర్ కడగండి, చోక్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడండి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూ (కార్బురేటర్‌లో గాలిని సరిచేసే మర) పట్టుకోండి. మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదలండి. అక్కణ్నుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఇంజిన్ చురుగ్గా అందుకునే చోట ఆపండి. రెండున్నర చుట్లు దాటితే గానీ కుదరలేదంటే పైలట్ జెట్ (యాక్సిలరేటర్ తక్కువగా ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే జెట్) పెద్దదైనట్టు, ఒక సైజు తగ్గించండి. ఒక చుట్టులోపే కుదిరితే చిన్నదైనట్టు. అడవి దారుల్లో నెమ్మదిగా నడిపేవారికి పైలట్ జెట్, నీడిల్ (మధ్య యాక్సిలరేటర్‌లో పెట్రోల్‌ను సరిచేసే సూది) ముఖ్యం. మెయిన్ జెట్ ప్రభావం తెలిసేది యాక్సిలరేటర్ ముప్పావు దాటాకే.

ఇంత చేసినా పొగ తగ్గకపోతే గేర్ ఆయిల్ దించి కొలవండి. పోసేది 0.8 లీటరు. బయట కారిన గుర్తులేవీ లేకుండా అది బాగా తగ్గిందంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ (ఇంజిన్ ఇరుసు చుట్టూ ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు) పోయింది, ఇంజిన్ గేర్ ఆయిల్‌ను లాక్కుని కాలుస్తోంది. ఇన్నాళ్లూ 30:1 వాడారు కనుక పవర్ వాల్వ్‌కు (పొగ బయటికెళ్లే దారిని ఇంజిన్ వేగాన్ని బట్టి సరిచేసే తలుపు) పట్టిన మసి కూడా తీయించండి. అది బిగుసుకుంటే పై రేసులో బండి లాగదు.

ప్రశ్న: కేటీఎం మన బజాజ్ వాళ్ల కంపెనీయే కదా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పుట్టింది ఆస్ట్రియాలో. 1934లో హాన్స్ ట్రుంకెన్‌పోల్జ్ మాటిగ్‌హోఫెన్‌లో రిపేర్ షాపు పెట్టారు. 1953లో ఎర్నస్ట్ క్రోన్‌రైఫ్ భాగస్వామిగా చేరారు. ఆ ఇద్దరి పేర్లు, ఊరి పేరు కలిస్తే కేటీఎం. మట్టిదారుల బండ్లలో దానికి పేరు రావడంలో అమెరికాలోని ఒహాయోకు చెందిన జాన్ పెంటన్‌ది పెద్ద చెయ్యి. తేలికైన ఎండ్యూరో బండి కావాలని పట్టుబట్టి, 1968 నుంచి తన పేరుతో మాటిగ్‌హోఫెన్‌లోనే తయారుచేయించుకున్నారు. 1991లో కంపెనీ దివాలా తీసింది. మరుసటి ఏడాది స్టెఫాన్ పీరర్ మోటార్‌సైకిళ్ల విభాగాన్ని నిలబెట్టారు. బజాజ్ 2007లో వాటా కొంది. 2024 చివర్లో కేటీఎం మళ్లీ దివాలా ప్రక్రియలోకి వెళ్లాక, 2025లో పగ్గాలు బజాజ్ చేతికొచ్చాయి. మన రోడ్ల మీది చిన్న డ్యూక్‌లు పుణె దగ్గరి చాకన్‌లో తయారయ్యే ఫోర్ స్ట్రోక్‌లు. ఈఎక్స్‌సీ మాత్రం మాటిగ్‌హోఫెన్ బండి.

ప్రశ్న: 2018 నుంచి వచ్చిన ఈఎక్స్‌సీ టీపీఐ (ట్రాన్స్‌ఫర్ పోర్ట్ ఇంజెక్షన్) మోడల్‌కు ఆయిల్ కలపక్కర్లేదంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. అందులో ఇంజెక్టర్లు పెట్రోలును సిలిండర్ పక్కనున్న ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లో (కింది నుంచి గాలి సిలిండర్‌లోకి వెళ్లే దారులు) చల్లుతాయి. పెట్రోల్ కార్బురేటర్ బండిలో లాగా కింద క్రాంక్ మీదుగా రాదు కాబట్టి, కలిపిన ఆయిల్ బేరింగులకు సరిగా అందదు. అందుకే విడి ట్యాంకు, పంపు పెట్టారు. ఆయిల్ హెచ్చరిక లైటు వెలిగితే నింపేదాకా నడపొద్దు.