10 డిగ్రీలు వేడెక్కితే చర్య వేగం రెట్టింపు: అణువులు ఎక్కువసార్లు ఢీకొనడం వల్లేనా?

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందంటారు, అణువులు ఎక్కువసార్లు ఢీకొనడమే కారణమా అని అడిగారు.

అది కారణంలో చాలా చిన్న భాగం. కెమిస్ట్రీ పాఠాల్లో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. లెక్క వేసి చూపిస్తే తప్ప పిల్లలకు నమ్మకం కుదరదు. వాయువులో అణువుల సగటు వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే 300 కెల్విన్ నుంచి 310కి వెళ్తే ఢీకొనడాలు పెరిగేది 2 శాతం లోపే. రెట్టింపుకి అది ఏ మూలకూ చాలదు.

ఢీకొన్న ప్రతిసారీ చర్య జరగదు. పాత బంధాలు సడలి కొత్తవి ఏర్పడాలంటే ఆ తాకిడిలో కొంత కనీస శక్తి ఉండాలి, దాన్నే ఉత్తేజన శక్తి అంటారు. అది మోల్‌కి 50 కిలోజౌల్స్ అనుకుందాం. 300 కెల్విన్ దగ్గర వంద కోట్ల అభిఘాతాల్లో, అంటే ఢీకొనడాల్లో, అంత బలమైనవి సుమారు 2. 310 దగ్గర సుమారు 4. రెట్టింపు వచ్చింది ఇక్కడి నుంచే! వంద కోట్లకు రెండంటే మరీ తక్కువ కదా అనిపిస్తుంది. కానీ మామూలు గాలిలో ఒక్కో అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు ఢీకొంటుంది.

ల్యాబ్‌లో హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం ఉన్న ఫ్లాస్కును ఇంటూ గుర్తు గీసిన కాగితం మీద పెట్టి ఆమ్లం పోయిస్తాను. సల్ఫర్ ఏర్పడి ద్రావణం తెల్లగా మసకబారుతుంది, కాసేపటికి గుర్తు కనబడకుండా పోతుంది. హైపో గాఢత రెట్టింపు చేస్తే ఆ సమయం దాదాపు సగమవుతుంది. గాఢత మార్చకుండా 10 డిగ్రీలు వేడి చేసినా అంతే. స్టాప్‌వాచ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, కారణాలు మాత్రం వేరు. మొదటిదాంట్లో నిజంగానే అభిఘాతాల సంఖ్య పెరిగింది. రెండోదాంట్లో వాటిలో సార్థకమైన వాటి వాటా పెరిగింది.

శక్తి ఉన్నా దిశ కుదరాలి. నైట్రిక్ ఆక్సైడ్ తన నైట్రోజన్ వైపు నుంచి ఓజోన్‌ను తాకితేనే నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. ఆక్సిజన్ వైపు తగిలితే విడిపోయి వెళ్లిపోతాయి.

తాను ఖర్చవకుండా చర్య వేగాన్ని పెంచే ఉత్ప్రేరకం సంగతి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేస్తే వేడి చేయకుండానే ఆక్సిజన్ బుడగలు పొంగుతాయి. అణువుల వేగం ఏమీ పెరగలేదు. తక్కువ శక్తితో గట్టెక్కే మరో దారి దొరికింది, అంతే.