షుగర్ పుండుకు ల్యాబ్ చర్మం వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటాను. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. 3 వారాల నుంచి కుడి అరికాల్లో, బొటనవేలి కింద పుండు. నొప్పేమీ లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వాడుతూ పౌడర్ చల్లుతున్నాను. ఇంజినీర్లు ల్యాబ్‌లో చర్మం తయారుచేస్తున్నారట. అది వేయించుకుంటే త్వరగా మానుతుందా?

జవాబు: మీరు విన్నది నిజమే. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ ప్రొఫెసర్ యన్నాస్, సర్జన్ బర్క్ కలిసి కాలినగాయాల కోసం 1981 నాటికే ఇలాంటి పొర తయారుచేశారు. ఆవు నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌లో సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపి, పైన సిలికాన్ పరిచారు. దాని సందుల్లోకి మన కణాలు, రక్తనాళాలు పందిరి మీద తీగలా పాకుతాయి. బతికున్న కణాలతో చేసిన చర్మానికి, షుగర్ పుండ్ల కోసం అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. అయితే చీము ఉన్నచోట, రక్తం సరిగా అందని కాలికి ఏ పొరా అతకదు.

నన్ను భయపెట్టింది మీ ‘నొప్పేమీ లేదు’ అన్న మాట. మేం డాక్టర్లం సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కుతాం. అప్పుడూ తెలియలేదంటే నరాలు దెబ్బతిన్నట్టే. మీకూ అదే జరిగి ఉండొచ్చు. తెలియక ఆ పుండు మీదే నడుస్తున్నారు.

పైగా గుంటల్లోకి దిగుతున్నారేమో! రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా సంగతి మీకు నేను చెప్పాలా? దానిలో కొన్ని రకాలు మనిషి పుండులోకీ చేరతాయి. షుగర్, లివర్ జబ్బు ఉన్నవారిలో గంటల్లోనే కాలు మొత్తానికీ పాకవచ్చు. పుండు మానేదాకా నీళ్లలోకి దిగొద్దు.

గుంటలో నాలుగు రొయ్యలు తేలితే నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తుతారు కదా. మీ కాలికి మాత్రం ఏ టెస్టూ లేకుండా 3 వారాలు మాత్రలు మింగారు! అవి యాంటీబయాటిక్ అయి, అరకొరగా వాడి ఉంటే, తర్వాత కల్చర్ (పుండులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేసినా క్రిమి దొరకకపోవచ్చు, దొరికినా మందుకు లొంగకపోవచ్చు. ఇలా ఆలస్యమై వేళ్లు తీసేయాల్సి వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాను.

రేపే సర్జన్‌కు చూపించండి. ఎముకకు పాకిందేమో ఎక్స్‌రే, రక్తప్రసరణకు డాప్లర్, షుగర్ పరీక్షలు అవసరం కావచ్చు. పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు వేస్తారు. చాలా పుండ్లు దీంతోనే దారికొస్తాయి. సుమారు 4 వారాల్లో సగమైనా తగ్గకపోతే అప్పుడు ల్యాబ్ చర్మం గురించి మీ డాక్టరే ఆలోచిస్తారు. చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు.

జ్వరం, వాపు, నల్లబడటం, దుర్వాసన కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వాడిన మాత్రల స్ట్రిప్పులు, రోజూ వేసుకునే చెప్పులు కూడా వెంట తీసుకెళ్లండి.